పెద్దాసుపత్రిలో ‘స్టడీ కోసం సంతకం’ అడిగితే ఏం చేయాలి? మీ హక్కులివీ

అల్లూరులో ఉంటున్న మీ నాన్నకు షుగర్ వల్ల కాలి పుండు మానలేదనుకోండి. దగ్గర్లో చూపిస్తారు, తగ్గకపోతే నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్తారు. అక్కడ ఓ యువ డాక్టర్ కేసు షీటుతో పాటు ఇంకో రెండు కాగితాలు తెచ్చి, ‘ఇది మా స్టడీ కోసం, ఇక్కడ సంతకం పెట్టండి’ అంటారు. మీరు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటారు. నాన్న ఫోన్ చేసి ‘పెట్టమంటావా?’ అని అడుగుతారు. ఏం చెబుతారు?

చాలామంది రెండే జవాబులు చెబుతారు. ‘డాక్టర్ అడిగారు కదా, పెట్టెయ్’ అనేది ఒకటి. ‘మన మీద ప్రయోగాలు చేస్తారు, వద్దు’ అనేది రెండోది. రెండూ తొందరపాటే. అసలు ఆ కాగితం ఏమిటో, దాని వెనక ఏ నిబంధనలు ఉన్నాయో చూద్దాం.

ఆసుపత్రిలో పరిశోధన ఎవరు చేస్తారు?

ఆంధ్రప్రదేశ్‌లోని మెడికల్ కాలేజీలు ఎక్కువగా విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలో ఉంటాయి. ఈ యూనివర్సిటీ 1986లో మొదలైంది. నెల్లూరులోని ఏసీ సుబ్బారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాల కూడా దీని కిందే ఉంది. ఎండీ, ఎంఎస్ చదివే ప్రతి పీజీ విద్యార్థీ థీసిస్ చేయాలి. అంటే బోధనాసుపత్రిలో మిమ్మల్ని సంతకం అడిగేది చాలాసార్లు విదేశీ మందుల కంపెనీ మనిషి కాదు, చదువులో భాగంగా పరిశోధన చేస్తున్న పీజీ డాక్టర్. రెండు రకాల డ్రెస్సింగ్‌లలో దేనితో పుండు త్వరగా మానుతుంది, ఫలానా రక్తపరీక్ష జబ్బు తీవ్రతను ముందే చెబుతుందా వంటివి ఆ థీసిస్‌లలో అంశాలు.

కేంద్రం 2019 మార్చిలో తెచ్చిన ‘కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు’ పరిశోధనను రెండు రకాలుగా చూస్తాయి. కొత్త మందును మనుషులపై పరీక్షిస్తే అది క్లినికల్ ట్రయల్. దానికి కేంద్ర ఔషధ నియంత్రణ అధికారుల అనుమతి కావాలి. రెండోది జీవవైద్య, ఆరోగ్య పరిశోధన. జబ్బులు, చికిత్సలు, ఆరోగ్య సేవలపై జరిగే అధ్యయనాలు ఇందులోకి వస్తాయి. ఏదైనా సరే, మొదలుపెట్టడానికి ముందే నైతిక కమిటీ, అంటే ఎథిక్స్ కమిటీ ఆమోదం తప్పనిసరి.

‘వాళ్లకు తగ్గింది’ అంటే చాలదా?

ఈ ప్రశ్నకు నెల్లూరు తీరంలోనే ఓ ఉదాహరణ ఉంది. 2021 మేలో, కొవిడ్ రెండో వేవ్ మధ్యలో, కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చే మందు కోసం జనం పోటెత్తారు. ఆక్సిజన్ పడకలు దొరకని రోజులవి. ‘మా వాళ్లకు తగ్గింది’ అనే వీడియోలు ఫోన్ల నిండా తిరిగాయి. ఆయుష్ అధికారులు, కేంద్ర ఆయుర్వేద పరిశోధన సంస్థ రంగంలోకి దిగారు. మందు తీసుకున్నవారి వివరాలు సేకరించారు. మే 31న రాష్ట్ర ప్రభుత్వం మందు పంపిణీకి అనుమతిచ్చింది. కంట్లో వేసే చుక్కలకు మాత్రం నివేదికలు రావాలంటూ ఆపింది. అప్పుడు ప్రభుత్వం చెప్పిన మాట గుర్తుందా? మందు హానికరం కాదన్నారు కానీ దీనితో కొవిడ్ తగ్గుతుందన్న నిర్ధారణ లేదన్నారు. డాక్టర్లు రాసిన మందులు మానొద్దని కూడా చెప్పారు.

హాని లేకపోవడం, పనిచేయడం ఒకటే కాదు. కొవిడ్ వచ్చినవారిలో అత్యధికులు ఏ ప్రత్యేక మందూ లేకుండానే కోలుకున్నారు. కాబట్టి మందు తీసుకుని కోలుకున్నవారిని మాత్రమే లెక్కిస్తే, ఘనత మందుదో ఒంటిదో తెలియదు. తెలియాలంటే అలాంటి జబ్బే ఉండి మందు తీసుకోనివారితో పోల్చాలి. ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలన్నది డాక్టరో రోగో కాకుండా లాటరీ పద్ధతి తేల్చాలి.

ఇది నాటువైద్యానికి మాత్రమే పెట్టే పరీక్ష అనుకోకండి. పెద్దాసుపత్రుల వైద్యమూ దీన్ని ఎదుర్కోవాల్సిందే. కొవిడ్ నుంచి కోలుకున్నవారి ప్లాస్మా కోసం మనమంతా వాట్సాప్ గ్రూపుల్లో ఎంతగా వెతికామో గుర్తుతెచ్చుకోండి. ఐసీఎంఆర్ 2020లోనే 39 ఆసుపత్రుల్లో 464 మంది రోగులపై దాన్ని పరీక్షించింది. ప్లాస్మా ఎక్కించినవారిలో 19 శాతం, ఎక్కించనివారిలో 18 శాతం మందికి జబ్బు తీవ్రమవడమో మరణమో సంభవించింది. అంటే తేడా లేదు. చివరకు 2021 మే 17న కొవిడ్ చికిత్స మార్గదర్శకాల నుంచి ప్లాస్మాను తీసేశారు. కృష్ణపట్నంలో క్యూలు కిలోమీటర్లకు పెరిగింది ఆ వారంలోనే.

మరోవైపు బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ నడిపిన రికవరీ ట్రయల్, డెక్సామెథాసోన్ అనే పాత, చవక స్టెరాయిడ్ వెంటిలేటర్‌పై ఉన్న కొవిడ్ రోగుల మరణాలను దాదాపు మూడో వంతు తగ్గిస్తుందని 2020 జూన్‌లో తేల్చింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి దానితో లాభం కనిపించలేదనీ చెప్పింది. ఈ రెండు జవాబులూ మనకు దొరకడానికి కారణం, ఎక్కడో కొన్ని వేల మంది రోగులు కాగితం చదివి సంతకం పెట్టడమే.

సంతకం మాత్రమే ఉంటే సరిపోదు

సంతకం ఎలా తీసుకున్నారన్నదీ ముఖ్యమే. దీనికి ఉదాహరణ ఉమ్మడి ఖమ్మం జిల్లా. 2009లో పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి అక్కడ బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకాలు వేసే ప్రాజెక్టు చేపట్టాయి. వారిలో చాలామంది గిరిజన హాస్టళ్లలో చదివేవారు. తల్లిదండ్రులు పెట్టాల్సిన చోట ఎన్నో ఫారాలపై హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు పెట్టినట్టు తర్వాత విచారణలో బయటపడింది. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగిపోయింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. కొందరు బాలికలు చనిపోయినా, ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణ కమిటీ తేల్చలేదు. ఆ టీకాను ఇప్పుడు అనేక దేశాల్లో వేస్తున్నారు. తప్పు జరిగింది అనుమతి తీసుకున్న తీరులో. దాని ఫలితంగా మంచి టీకాపై కూడా ఏళ్ల తరబడి అనుమానం మిగిలింది.

ఎథిక్స్ కమిటీలో ఎవరుంటారు?

2019 నిబంధనల ప్రకారం క్లినికల్ ట్రయల్స్‌ను పరిశీలించే కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. సగం మంది ఆ ఆసుపత్రికి సంబంధం లేనివారై ఉండాలి. అధ్యక్షులూ బయటివారే. ఒక న్యాయ నిపుణులు, ఒక సామాన్య పౌరులు, కనీసం ఒక మహిళ తప్పనిసరి. డాక్టర్లే డాక్టర్లకు అనుమతి ఇచ్చుకోకూడదన్నది ఉద్దేశం. ఏదైనా అన్యాయం జరిగిందనిపిస్తే మీరు నేరుగా ఈ కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. అందుకే మీకిచ్చే సమాచార పత్రంలో కమిటీని ఎలా సంప్రదించాలో కూడా ఉండాలి.

సంతకానికి ముందు ఇవి అడగండి

• ఈ కాగితం తెలుగులో ఉందా? మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వడం వారి బాధ్యత. చదవడం రానివారికి, పరిశోధనతో సంబంధం లేని సాక్షి సమక్షంలో చదివి వినిపించాలి.

• నాకు మామూలుగా చేసే వైద్యం ఏది? స్టడీ కోసం అదనంగా చేసేది ఏది? ఈ ఒక్క ప్రశ్నతో సగం విషయం తేలిపోతుంది.

• అదనపు పరీక్షలకు డబ్బు ఎవరు కడతారు? పరిశోధన కోసమే చేసే పరీక్షల ఖర్చు రోగిపై వేయకూడదని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

• వద్దంటే ఏమవుతుంది? ఏమీ కాకూడదు. మీకు అందాల్సిన వైద్యం యథాతథంగా అందాలి. ఒప్పుకున్నాక మధ్యలో మానేయవచ్చు కూడా.

• హాని జరిగితే? క్లినికల్ ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నిబంధనల ప్రకారం పరిహారం అందాలి.

• పిల్లలైతే? తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఏడేళ్లు దాటితే ఆ బిడ్డ ఇష్టాన్నీ అడగాలి.

• నా కాపీ ఏది? సంతకం పెట్టిన పత్రం ప్రతి ఒకటి మీకు ఇవ్వాలి. ఫొటో తీసి ఇంట్లోవారికి పంపండి. ‘రేపు చెబుతాను’ అనడానికీ మీకు హక్కుంది.

ఫోన్‌లోనే చూసుకోవచ్చు

దేశంలో జరిగే ట్రయల్స్ వివరాలు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియా, అంటే సీటీఆర్‌ఐ వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఇది 2007లో మొదలైంది. 2009 జూన్ 15 నుంచి ట్రయల్స్‌కు నమోదు తప్పనిసరి చేశారు. చికిత్సలను పోల్చే పీజీ థీసిస్‌లు కూడా ఇందులో కనిపిస్తాయి. డాక్టర్‌ను సీటీఆర్‌ఐ నంబర్ అడిగి వెతికితే పరిశోధన ఎవరిది, ఏ ఆసుపత్రుల్లో, ఎంతమందిపై, ఎథిక్స్ కమిటీ ఆమోదం వచ్చిందా అన్నవి ఉచితంగా చూడొచ్చు. చిక్కేమిటంటే ఆ వివరాలు ఇంగ్లిష్‌లో ఉంటాయి. సంతకం పెట్టే మనిషికి తెలుగు కాగితం, తనిఖీ చేసుకోవడానికి ఇంగ్లిష్ వెబ్‌సైట్. ఊళ్లో ఉన్న పెద్దలకు మీరు సాయం చేయగలిగేది ఇక్కడే.

ఇంకో లోటు కూడా ఉంది. సంతకం తీసుకునేటప్పుడు రోగి దగ్గరకు వచ్చినంత శ్రద్ధగా, ఫలితం తేలాక ఎవరూ రారు. ఫలితం ఎలా తెలుస్తుందని ముందే అడగండి.

కాబట్టి నాన్న ఫోన్ చేస్తే, ‘పెట్టు’ అనో ‘వద్దు’ అనో చెప్పకండి. ‘ఫోన్ ఒకసారి డాక్టర్‌కు ఇవ్వండి’ అని, పై ప్రశ్నలు అడగండి. ఓపికగా జవాబు చెప్పే డాక్టర్ స్టడీలో చేరడం, అదే పుండుతో రేపు ఆ వార్డుకు వచ్చే మరో రోగికి మీరు చేసే మేలు. జవాబు చెప్పకుండా సంతకమే అడిగితే, ‘వద్దు’ అని నిరభ్యంతరంగా చెప్పండి.