రెఫర్ చీటీలో నిజం రాయాలి

కల్వకుర్తి చుట్టుపక్కల ఊళ్లలో కాన్పు కష్టమైతే ఆ తల్లిని నాగర్‌కర్నూల్‌కో, మహబూబ్‌నగర్‌కో, దాదాపు 80 కిలోమీటర్ల అవతలున్న హైదరాబాద్‌కో తీసుకుపోవాల్సిందే. పంపడం తప్పు కాదు. ఏం జరిగిందో చెప్పకుండా పంపడమే తప్పు. ‘పెద్దాస్పత్రికి రెఫర్’ అని రెండు ముక్కలు, ఒక సంతకం, ఒక ముద్ర. చాలాసార్లు ఆ చీటీలో ఇంతకు మించి ఉండదు.

బీపీ పెరిగి ఫిట్స్ వచ్చిన గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఇస్తారు. ఎంత ఇచ్చారో, ఏ టైముకు ఇచ్చారో రాయకుండా అంబులెన్స్ ఎక్కిస్తే అవతలి డాక్టరుకు రెండు దారులూ ప్రమాదమే. మళ్లీ ఇస్తే మోతాదు మించి ఊపిరి ఆగొచ్చు, ఇవ్వకుంటే ఫిట్స్ తిరగబెట్టొచ్చు. ఒక్క వాక్యం రాయనందుకు ఒక ప్రాణం పోవచ్చు.

2019 డిసెంబరులో అచ్చంపేట ప్రభుత్వాస్పత్రిలో కాన్పు చేస్తుండగా శిశువు తల వేరైంది, మొండెం గర్భంలోనే ఉండిపోయింది. పరిస్థితి విషమించిందని హైదరాబాద్ పంపారే తప్ప అసలు సంగతి చెప్పలేదని బంధువులు ఆరోపించారు. ఇద్దరు డాక్టర్లను సస్పెండ్ చేశారు. చర్య తీసుకోవాల్సిందే, కాదనం. కానీ ఆ సస్పెన్షన్ ఉత్తర్వు వల్ల పక్క ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సుకు తెలిసిన కొత్త విషయం ఏమిటి?

2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజే 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు తల్లులు చనిపోయారు. మిగిలిన 30 మందిని నిమ్స్, అపోలో ఆస్పత్రులకు తరలించి చికిత్స చేయించారు. ప్రాణం మీదికొచ్చాక సర్కారు, కార్పొరేట్ అనే తేడా లేకుండా కలిసి పని చేయగలిగిన వాళ్లు ముందే ఎందుకు కలవరు?

ఎవరి శాఖ వారిదే కాబట్టి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ప్రజారోగ్య విభాగం కిందిది. ఏరియా ఆస్పత్రులు వైద్య విధాన పరిషత్ కింద నడుస్తూ వచ్చాయి. మెడికల్ కాలేజీ ఆస్పత్రి వైద్య విద్యా సంచాలకుల కింద ఉంటుంది. నర్సింగ్‌హోమ్‌లు ఈ లెక్కలోకే రావు. రోగి మాత్రం ఈ నాలుగు గడపలూ ఒకే రాత్రి ఎక్కి దిగుతుంది.

కేరళలో 2004 నుంచి గైనకాలజిస్టుల సమాఖ్య ప్రభుత్వంతో కలిసి తల్లుల మరణాలను పరిశీలిస్తోంది. రోగి పేరు, ఆస్పత్రి పేరు తీసేసి కేసు కాగితాలు చదువుతారు. ఎవరు చేశారని అడగరు, ఎక్కడ జారిందని చూస్తారు. ప్రైవేటు ఆస్పత్రులూ అందులో ఉన్నాయి. 2018-20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు కేరళలో 19, తెలంగాణలో 43. తేడా అంతా ఈ ఒక్క పనితోనే వచ్చిందనలేం. అయినా మనం నేర్చుకోవలసిన పని ఇదే.

డాక్టర్ల భయం మాకు తెలియనిది కాదు. నిజం రాస్తే బంధువులు మీదపడతారు, పైవాళ్లు సస్పెండ్ చేస్తారు. అందుకే పొరపాటును తానే చెప్పినవారికి రక్షణ ఉండాలి, దాచినవారికి శిక్ష పడాలి. ఈ రెండూ ఒకే ఉత్తర్వులో రావాలి.

నాగర్‌కర్నూల్ జిల్లాలో సర్కారు, ప్రైవేటు తేడా లేకుండా అన్ని ఆస్పత్రులకూ ఒకటే రెఫర్ చీటీ పెట్టాలి. ఇచ్చిన మందు, టైము, చేసిన ప్రయత్నం, జరిగిన నష్టం అందులో ఉండాలి. బండి కదలకముందే అవతలి డ్యూటీ డాక్టరుకు ఫోన్ వెళ్లాలి. పంపిన తల్లి ఏమైందో వారంలోగా పంపినవారికి తిరిగి కబురందాలి. తల్లుల మరణాలపై కలెక్టర్ జరిపే సమీక్షకు కల్వకుర్తి, అచ్చంపేట, కొల్లాపూర్ నర్సింగ్‌హోమ్‌ల డాక్టర్లనూ పిలవాలి. చావు దాకా వెళ్లి బతికిన కేసులనూ అక్కడ చర్చించాలి. రాని ఆస్పత్రుల రిజిస్ట్రేషన్‌ను రెన్యువల్ చేయకూడదు.