కొట్టినోడే చదివితే ఫిర్యాదెక్కడిది?

మనిషిని జైల్లో పెట్టారు సరే. అతని మాటకు కూడా తాళం వేస్తారా?

1979లో తీహార్ జైల్లో ఒక ఖైదీని వార్డరు హింసించాడు. తోటి ఖైదీ సునీల్ బాత్రా సుప్రీంకోర్టు జడ్జికి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని, జైళ్లలో ఫిర్యాదు పెట్టెలుండాలనీ, వాటిపై అజమాయిషీ జిల్లా మేజిస్ట్రేటు, సెషన్స్ జడ్జిలదనీ కోర్టు తీర్పిచ్చింది. ఎవరి ఉత్తరాల్లోనూ అడ్డగోలుగా వేలు పెట్టరాదనే అంతర్జాతీయ పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికను మన దేశం ఒప్పుకున్నదీ ఆ ఏడాదే.

2022 లెక్కల్లో ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా శిక్ష పడనివాళ్లే. వాళ్లలో మనోళ్లు జనాభాలో మన వంతును మించి ఉన్నారు. కొన్ని రాష్ట్రాల జైలు మాన్యువళ్లు పాకీ పనిని మన కులాలకే రాసిపెట్టాయి. 2024లో గానీ సుప్రీంకోర్టు వాటిని కొట్టెయ్యలేదు. ఇప్పుడైనా లోపల ఎవరి చేతికి చీపురిస్తున్నారో మనకు తెలిసేదెట్లా? ఉత్తరమే దారి.

పారిపోయే కుట్రలుంటాయి, చదవాల్సిందే అంటారు. అనుమానముంటే కారణం కాగితం మీద పెట్టి చదవండి. వకీలుకు, జడ్జికి రాసింది మాత్రం అంటించింది అంటించినట్టే పోవాలి.

కార్యకర్తలారా! మీ వాడనుంచి జైలుకెళ్లిన ప్రతి మనిషికీ ఉత్తరం రాయండి. జవాబు రాకుంటే సూపరింటెండెంటును రాతలో అడగండి. కాపీ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పంపండి.