పది శాతం బయలు

"మీ పెదబయలుకి పార్కెందుకు బాస్? ఊరంతా పార్కే కదా!"

మొన్న లంచ్‌లో మా టీమ్‌లో ఒకతను అన్న మాట ఇది. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఇంటికెళ్ళాక ఆ నవ్వు మీద నాకే చిరాకొచ్చింది. ఎందుకంటే ఆ మాటలో రెండు అబద్ధాలున్నాయి. అడవి ఉన్నచోట పిల్లలకి ఆడుకునే నేల ఉన్నట్టే అన్నది మొదటిది. నగరంలో పార్కుల సంగతి తేలిపోయింది, దానికో లెక్కుంది, పద్ధతుంది అన్నది రెండోది. రెండోదానితోనే మొదలుపెడతాను, ఎందుకంటే అది చాలామంది నమ్మిన అబద్ధం. నేనూ డబ్బు కట్టి మరీ నమ్మాను.

ముందు లెక్క చూద్దాం. ఎవరైనా లేఅవుట్ వెయ్యాలంటే మన రెండు రాష్ట్రాల్లోనూ మొత్తం నేలలో కనీసం పది శాతం ఖాళీగా వదిలి, స్థానిక సంస్థకి గిఫ్ట్ డీడ్ రాసి ఇవ్వాలి. ఊరికే, పైసా తీసుకోకుండా. బ్రోచర్‌లో ఒక మూల ఆకుపచ్చ దీర్ఘచతురస్రం కనిపిస్తుంది చూడండి, అదే. అపార్ట్‌మెంట్లకి వేరే నిబంధన ఉంది. 2012 నాటి 168 జీవో ప్రకారం గ్రూప్ డెవలప్‌మెంట్ స్కీముల్లో పది శాతం స్థలం ఆకాశం కనిపించేలా ఖాళీగా ఉండాలి. ఇక అనుమతి లేని లేఅవుట్లలో ఆ పది శాతం వదలకపోతే, 2020లో తెలంగాణ తెచ్చిన క్రమబద్ధీకరణ పథకం కింద, అంటే మనందరం ఎల్ఆర్ఎస్ అని పిలుచుకునేదాని కింద, ప్లాటు కొన్నవాడే విలువలో 14 శాతం ఖాళీస్థలం చార్జీగా కట్టాలి. మామూలు క్రమబద్ధీకరణ చార్జీలు దానికి అదనం.

అంటే మన నగరాల్లో కొత్త పార్కుకి నేలో డబ్బో ఎక్కువగా ఇళ్ళు కట్టేవాళ్ళ నుంచే రావాలి. ఇది మన ఒక్కరి పద్ధతే కాదు. అమెరికాలో కాలిఫోర్నియా 1965లోనే క్వింబీ చట్టం చేసింది. నేల విభజించి అమ్మేవాళ్ళు పార్కుకి స్థలమైనా ఇవ్వాలి, బదులుగా రుసుమైనా కట్టాలి. వెయ్యిమంది జనాభాకి మూడెకరాలు అన్నది అక్కడి కొలత, కొన్నిచోట్ల ఐదు దాకా. కొత్తగా వచ్చే జనం వల్ల కొత్త అవసరం పుడుతుంది, కాబట్టి ఆ ఖర్చు అక్కడే పుట్టాలి అన్నది తర్కం. ఈ తర్కంతో నాకు పేచీ లేదు. అది మన దగ్గరికొచ్చి ఏమైందన్నదే నా గొడవ.

మొదటి సంగతి. "బిల్డర్ పార్కు ఇస్తున్నాడు" అనడం మానేద్దాం. బిల్డర్ ఏమీ ఇవ్వడు. పదెకరాల్లో ఎకరం పార్కుకి పోతే, ఆ ఎకరం ధరని మిగతా ప్లాట్ల మీదే సర్దుతాడు. మార్కెట్ బాగుంటే మొత్తం మన మీద పడుతుంది, మందకొడిగా ఉంటే కొంత తను భరిస్తాడు, కొంత నేల అమ్మిన రైతు భరిస్తాడు. ఎక్కువసార్లు కట్టేది మాత్రం కొన్నవాడే. కాబట్టి ఇది పన్ను. పేరు మార్చుకున్న పన్ను. పన్నయినప్పుడు లెక్క అడిగే హక్కు ఉంటుంది, దానం అన్నప్పుడు దండం పెట్టి ఊరుకోవాల్సి వస్తుంది. అందుకే వాళ్ళకి దానం అన్న మాట ఇష్టం.

రెండోది నా సొంత కథ. హైదరాబాద్ శివార్లలో 2018లో ఒక ప్లాటు కొన్నాను. ఏ మునిసిపాలిటీయో చెప్పను, ఏదైనా ఒకటే. లేఅవుట్‌కి అనుమతి లేదని తర్వాత తెలిసింది. చదువుకున్న వెధవతనం అంటే అదే. నిరుడు ఇరవై ఐదు శాతం రాయితీ ఇచ్చినప్పుడు ఎల్ఆర్ఎస్ కట్టేశాను. రసీదు ఇంట్లో డ్రాయర్లో ఉంది. అందులో ఖాళీస్థలం చార్జీ ఇంత అని ఉంది. ఆ డబ్బుతో ఏ సర్వే నంబరులో నేల కొంటారు, ఎప్పటిలోగా కొంటారు, కొనకపోతే ఏం చేస్తారు, ఈ మూడూ లేవు. ఆఫీసుకి వెళ్ళి అడిగితే కౌంటర్లో ఆయన నన్ను జాలిగా చూశాడు. "పార్కా సార్? మీ ప్లాటు రెగ్యులర్ అయింది కదా, ఇంకేంటి?"

ఆయన తప్పేమీ లేదు. ఆయన దృష్టిలో నేను కట్టింది పాపపరిహారం. చిన్న లెక్క వెయ్యండి. 200 గజాల ప్లాటు, గజం 5,000 అనుకుందాం. విలువ పది లక్షలు, 14 శాతం అంటే లక్షా నలభై వేలు. అలాంటివి వంద ప్లాట్లుంటే కోటీ నలభై లక్షలు. ఆ వంద ఇళ్ళ పిల్లలూ ఇవాళ రోడ్డు మీదే క్రికెట్ ఆడుతున్నారు. వాళ్ళ పేరు మీద వసూలైన డబ్బు ఎక్కడుందో వాళ్ళకెవరు చెప్తారు?

క్వింబీ చట్టం సంగతి ఎత్తింది ఇందుకే. అక్కడ రుసుము కట్టించుకుంటే ఐదేళ్ళలోగా దాన్ని ఫలానా పనికని కేటాయించాలి. లేకపోతే ఆ డబ్బు అప్పటి యజమానులకి తిరిగి పంచాలి. గడువు మొదలయ్యే తేదీకి షరతులున్నాయి, నిజమే. కానీ గడువంటూ ఒకటి ఉంది, అది దాటితే తిరిగి ఇవ్వడం ఉంది. ప్రోగ్రామర్‌గా చెప్తున్నాను, టైమవుట్ లేని రిక్వెస్ట్ జీవితాంతం వెయిట్ చేస్తూనే ఉంటుంది. మనం కట్టిన 14 శాతం అలాంటిదే.

మూడోది, ఇచ్చిన నేల నిలబడుతుందా అన్న ప్రశ్న. బెంగళూరులో రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకని ఉంచిన స్థలాన్ని ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి ఇచ్చేశారు. ఆ కాలనీవాళ్ళు కోర్టుకెళ్ళారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. పార్కు స్థలం ప్రభుత్వం ఇష్టమొచ్చినట్టు పంచిపెట్టే సొత్తు కాదని తేల్చిన ఆ తీర్పుని, బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసుని, ఇప్పటికీ లాయర్లు ఎత్తి చూపిస్తారు. ముప్పై ఏళ్ళు దాటాయి. హైదరాబాద్‌లో 2024 జులైలో హైడ్రా పెట్టినప్పుడు చెరువులతో పాటు లేఅవుట్ పార్కుల ఆక్రమణలు తొలగించడం కూడా దాని పనుల్లో చేర్చాల్సొచ్చింది. గిఫ్ట్ డీడ్ రాయించుకున్న నేలని కాపాడ్డానికి మళ్ళీ జేసీబీలతో ఒక ప్రత్యేక సంస్థ కావాలా? దానం తీసుకున్నవాడు కనీసం కంచె వేసుకోలేదనేగా అర్థం.

నాలుగోది నన్ను బాగా తొలిచేది. లేఅవుట్‌లో పది శాతం ఊరికి దఖలు పడుతుంది, కాగితం మీదైనా. అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో పది శాతం గోడ లోపలే ఉండిపోతుంది. రెండింటినీ మనం పార్కు అనే అంటున్నాం. నేను అద్దెకుండే కాంప్లెక్స్‌లో ఉయ్యాలలున్నాయి, జారుడుబల్ల ఉంది, చుట్టూ మెక్సికన్ గడ్డి. పోయిన వేసవిలో అమ్మ ఊరి నుంచి వచ్చింది. బాల్కనీలో నిలబడి చూస్తూ ఉంటే, మా ఫ్లోర్‌లో పనిచేసే ఆవిడ కూతురు ఉయ్యాల ఎక్కింది. ఐదు నిమిషాల్లో సెక్యూరిటీ అతను వచ్చి దింపేశాడు. తిట్టలేదు, కొట్టలేదు, మర్యాదగానే దింపాడు.

"ఆ పిల్ల ఏటి చేసిందిరా?" అంది అమ్మ.

"ఏం చెయ్యలేదమ్మా. ఇక్కడ ఉండేవాళ్ళకే అది."

"మరి రోజంతా ఇక్కడే ఉంటారు కదరా ఆళ్ళు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ పిల్ల ఉండే బస్తీకి లేఅవుట్ లేదు. లేఅవుట్ లేదు కాబట్టి పది శాతం లేదు. నేల అమ్ముడుపోయిన చోటే పార్కు పుట్టాలన్న నియమానికి ఇది సహజ ఫలితం. జనం ఇరుకుగా ఉన్నచోట, అంటే పార్కు అవసరం ఎక్కువున్నచోట, ఈ పద్ధతి సున్నా ఇస్తుంది. ప్లాట్లు ఇంకా ఖాళీగా ఉన్న శివారులో, పిల్లలే లేనిచోట, ఎకరాలు ఇస్తుంది. కేంద్రం 2014 నాటి పట్టణ ప్రణాళికా మార్గదర్శకాల్లో మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీస్థలం ఉండాలని రాసింది. మనిషికి అంది, ప్లాటుకి అనలేదు.

ఇప్పుడు పెదబయలుకి వస్తాను.

బయలు అంటే ఖాళీ నేల. ఆరుబయట అన్న మాటలో ఉన్న బయలే. మా ఊరి పేరులోనే పెద్ద ఖాళీస్థలం ఉంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పాడేరు దాటాక, మత్స్యగెడ్డ పారే మండలం. అక్కడ లేఅవుట్లు లేవు. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో నేల ఆదివాసీలు కానివాళ్ళకి బదలాయిస్తే చెల్లదు. ఆ నిషేధం ఎంతవరకు వెళ్తుందో 1997లో సమత తీర్పు ఇంకా గట్టిగా చెప్పింది. ప్రభుత్వం కూడా ఆ నేలని ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకివ్వకూడదంది. ఆ చట్టం వల్లే మా బయలు ఇంకా మాకు మిగిలింది. దాన్ని సడలిస్తే అభివృద్ధి వస్తుంది, లేఅవుట్లు వస్తాయి, పార్కులొస్తాయి అనేవాళ్ళు ఇది చదువుతుంటే వాళ్ళకో మాట. తొంభై శాతం పోగొట్టుకుని పది శాతం తెచ్చుకునే బేరం మాకొద్దు.

కానీ ప్రశ్న అలాగే ఉంది. ఇళ్ళ అమ్మకమే పార్కుకి మూలధనం అయితే, ఇళ్ళు అమ్మని ఊళ్ళో పిల్లలకి ఆట స్థలం ఎవరివ్వాలి? "ఊరంతా పార్కే" అన్నది జవాబు కాదు. కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని దిగే మనిషికి కొండ వాకింగ్ ట్రాక్ కాదు. అడవి బతుకుతెరువు. పార్కంటే పనిలేనప్పుడు కూర్చునే చోటు, చదునుగా, వానొస్తే తలదాచుకునేలా, ఒక కుళాయితో, ఆడపిల్లలు చీకటి పడ్డాక కూడా వాలీబాల్ ఆడుకునే లైటుతో. ఇది కొండ వల్ల రాదు, బడ్జెట్ వల్ల వస్తుంది.

నిజానికి మా కొండల్ని పార్కుగా వాడుతున్నది మీరే. అంటే మనమే, నన్నూ కలుపుకోండి. శుక్రవారం రాత్రి కార్లు ఘాట్ ఎక్కుతాయి. అరకు, లంబసింగి, వంజంగి. పొద్దున్నే మేఘాలు చూసి, ఫొటోలు దిగి, ఆదివారం సాయంత్రానికి దిగిపోతాం, నీళ్ళ సీసాలు మాత్రం అక్కడే ఉంటాయి. నగరం తన వీధి చివర వదలాల్సిన బయలుని వదలకుండా, ఆ లోటుని కొండ మీద తీర్చుకుంటోంది. అడవుల విషయంలోనూ ఇదే గణితం నడుస్తోంది. ఒకచోట గనికో డ్యాముకో అడవి పోతే కంపెనీ డబ్బు కడుతుంది, ఆ డబ్బుతో మొక్కలు ఇంకెక్కడో నాటుతారు. 2016లో దానికో చట్టమే చేశారు, పరిహార అటవీకరణ నిధి అని. గ్రామసభ ఒప్పుకోలు తప్పనిసరి చెయ్యలేదని ఆదివాసీ సంఘాలు అప్పుడే మొత్తుకున్నాయి. పోయింది ఒకరిది, రసీదు ఇంకొకరిది, మొక్క మూడోవాడి నేలలో. నా డ్రాయర్లో రసీదుకి ఇది దగ్గరి చుట్టమే.

చైత్రంలో ఇటుకల పండగకి మా వైపు వస్తే ఇంకో రకం వసూలు చూస్తారు. ఊరి ఆడవాళ్ళు దారికడ్డంగా కర్ర పెడతారు. జీపైనా, బస్సైనా, ఆఫీసరు కారైనా ఆగాలి, ఎంతోకొంత ఇవ్వాలి. నవ్వుతూనే అడుగుతారు, వదలరు. ఆ డబ్బుతో ఊరంతా భోజనం, థింసా. ఇదేదో ఆదర్శ పన్ను విధానమని నేననను. కానీ ఒక్కటి గమనించండి. ఎవరు తీసుకున్నారో తెలుసు, ఎందుకో తెలుసు, వారంలోపే అందరి కళ్ళ ముందూ ఖర్చయిపోతుంది. మన మునిసిపల్ ఖాతాలకి ఈ మూడూ లేవు.

అందుకని నేను అడిగేవి పెద్ద కోరికలేం కావు. ఖాళీస్థలం చార్జీ రసీదు మీద ఆ డబ్బుతో కొనే నేల ఏ వార్డులోనో రాసి ఉండాలి. ఐదేళ్ళు గడువు పెట్టాలి, దాటితే వడ్డీతో తిరిగివ్వాలి. వసూలైన దాంట్లో ఒక వాటా లేఅవుట్లే లేని బస్తీలకి, ప్లాట్ల లెక్కన కాకుండా పిల్లల లెక్కన పోవాలి. "నేను కట్టింది నా కాలనీకే" అని నాలాంటివాడు గొణుక్కుంటాడని తెలుసు. గొణుక్కోనివ్వండి. నా ప్లాటుకి విలువ తెచ్చిన మేస్త్రీలూ కూలీలూ ఆ బస్తీల్లోనే ఉంటున్నారు. ఇక ఏజెన్సీలో బిల్డర్ కోసం ఎదురుచూడ్డానికి లేదు కాబట్టి ఆట స్థలాల ఖర్చు నేరుగా రాష్ట్ర బడ్జెట్‌లోంచి రావాలి, ఎక్కడ పెట్టాలో 1996 పెసా చట్టం ప్రకారం గ్రామసభ చెప్పాలి.

ఈ శనివారం ఒక పని చెయ్యండి. మీ లేఅవుట్ ప్లాను తీసి ఆ ఆకుపచ్చ దీర్ఘచతురస్రం ఎక్కడుందో చూసి, నడుచుకుంటూ అక్కడికి వెళ్ళండి. అక్కడ వాటర్ ట్యాంకో, ఫంక్షన్ హాలో, ఎవరిదో షెడ్డో ఉంటే పది రూపాయలు కట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గిఫ్ట్ డీడ్ కాపీ అడగండి. నేను నా 14 శాతం గురించి పోయిన సోమవారమే పెట్టాను. కౌంటర్లో మళ్ళీ ఆయనే ఉన్నాడు. దరఖాస్తు రెండుసార్లు చదివి, ముద్ర కొట్టి, "ఇంతవరకు ఇది ఎవరూ అడగలేదు సార్" అన్నాడు.