వినాలంటే రొద తగ్గాలి

2022 జూన్‌లో చైనా ప్రభుత్వ పత్రిక ‘సైన్స్ అండ్ టెక్నాలజీ డైలీ’ ఒక కథనం ప్రచురించింది. గుయ్‌జో రాష్ట్రంలోని 500 మీటర్ల ‘ఫాస్ట్’ రేడియో టెలిస్కోపుకు మరో నాగరికత పంపినవి కావచ్చనిపించే సంకేతాలు చిక్కాయన్నది దాని సారాంశం. కాసేపటికే ఆ కథనం మాయమైంది. కానీ వార్త అప్పటికే ప్రపంచమంతా పాకిపోయింది. ఆ సంకేతాలు మనుషుల యంత్రాలవేనని ఆ పరిశోధనలో పాల్గొన్న శాస్త్రవేత్తే తర్వాత చెప్పారు. ఆ మాట మాత్రం అంత దూరం పాకలేదు.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా మనం అడిగే ప్రశ్న ఒక్కటే: గ్రహాంతరవాసులు ఉన్నారా, లేరా? అడగాల్సిన ప్రశ్న మరొకటి ఉంది. వాళ్లు నిజంగానే పలికినా మనకు వినిపించే పరిస్థితి ఉందా? అరవై ఏళ్లకు పైగా సాగుతున్న ఈ వెతుకులాటను చూస్తే, ఇప్పుడు దానికి ప్రధాన శత్రువు ఆకాశపు మౌనం కాదు, నేల మీదా నింగిలోనూ మనం చేస్తున్న రొద అని నాకనిపిస్తుంది.

సూర్యుణ్ని మినహాయిస్తే మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ, 4.2 కాంతి సంవత్సరాల దూరం. 2019 ఏప్రిల్, మే నెలల్లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపు దాన్ని గమనించింది. ఆ సమాచారాన్ని కంప్యూటర్లు జల్లెడ పడితే 40 లక్షలకు పైగా సంకేతాలు తేలాయి. వడపోతలన్నీ దాటి చివరికి నిలిచింది ఒకటి: 982.002 మెగాహెర్ట్జ్ దగ్గర సన్నటి గీత. టెలిస్కోపు నక్షత్రం వైపు ఉన్నప్పుడు కనిపిస్తోంది, పక్కకు తిప్పితే పోతోంది. దానికి బీఎల్‌సీ-1 అని పేరు పెట్టారు. 2020 డిసెంబరులో విషయం బయటికి పొక్కింది. పరిశోధకులు తొందరపడకుండా పాత రికార్డులు తవ్వారు. అదే పోలికతో, పరస్పరం లెక్క కుదిరే పౌనఃపున్యాల్లో డజన్ల కొద్దీ సంకేతాలు దొరికాయి. వాటిలో కొన్ని టెలిస్కోపు ఎటు చూస్తున్నా వస్తున్నవే. ఇక్కడి ఎలక్ట్రానిక్ పరికరాల తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి పుట్టించిన మాయ అని 2021 అక్టోబరులో ప్రకటించారు.

అదే పార్క్స్‌లో ఇంకో తమాషా ఉంది. 1998 నుంచి అప్పుడప్పుడూ క్షణకాలం మెరిసే వింత సంకేతాలు నమోదయ్యేవి. వాటికి ‘పెరిటాన్’ అని పేరు కూడా పెట్టారు. 2015లో దొంగ దొరికాడు: సిబ్బంది వాడే మైక్రోవేవ్ ఓవెన్. వంట పూర్తికాకముందే తలుపు తెరిస్తే ఆ మెరుపు పుడుతోంది. నవ్వొచ్చే విషయమే. కానీ నిర్జన ప్రదేశంలో కట్టిన టెలిస్కోపును ఒక ఓవెన్ పదిహేడేళ్లు ఏమార్చిందంటే నగరాలు, సెల్ టవర్లు, ఉపగ్రహాల సంగతేమిటి?

అసలు చిక్కు ఇక్కడుంది. మామూలు రేడియో ఖగోళ శాస్త్రవేత్తకు మనుషుల రొదను గుర్తుపట్టి పక్కన పెట్టడం కొంత సులువు. నక్షత్రాలు, వాయుమేఘాలు వెదజల్లే తరంగాలు పౌనఃపున్యాల్లో వెడల్పుగా పరుచుకుంటాయి. ఒకే పౌనఃపున్యం దగ్గర సూటిగా నిలిచే సన్నటి గీతను ప్రకృతి పుట్టించినట్టు మనకు తెలియదు. అది యంత్రం పని. కాబట్టి నాగరికతను వెతికేవాళ్లు ఆ గీత కోసమే వెతుకుతారు. మన ఫోన్లు, రాడార్లు, ఉపగ్రహాలు నింపేదీ సరిగ్గా అలాంటి గీతలనే. వెతికేదీ, అడ్డం వచ్చేదీ ఒకే రూపంలో ఉన్నాయి. అందుకే ఐదు నిమిషాలు నక్షత్రం వైపు, ఐదు నిమిషాలు పక్కకు, మళ్లీ నక్షత్రం వైపు అంటూ టెలిస్కోపును తిప్పుతూ పోల్చి చూస్తారు. భూమి తిరుగుతున్నందువల్ల దూరపు సంకేతం పౌనఃపున్యం మెల్లగా జరగాలి. అది జరుగుతోందా అని పరీక్షిస్తారు. బీఎల్‌సీ-1 ఈ రెంటినీ దాటుకుని వచ్చిందని మరిచిపోకూడదు.

మొదట్లో ఇంత ఇబ్బంది లేదు. 1959 సెప్టెంబరులో కొకోని, మోరిసన్ అనే భౌతిక శాస్త్రవేత్తలు ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. హైడ్రోజన్ పరమాణువు సహజంగా పలికే 1420 మెగాహెర్ట్జ్ దగ్గర వెతకమన్నారు. విశ్వంలో ఏ మూల రేడియో శాస్త్రం నేర్చినవాడికైనా ఆ అంకె తెలిసే తీరుతుందని వాళ్ల తర్కం. మరుసటి ఏప్రిల్‌లో ఖగోళ శాస్త్రవేత్త ఫ్రాంక్ డ్రేక్ అమెరికాలోని గ్రీన్ బ్యాంక్‌లో 26 మీటర్ల డిష్‌ను టావ్ సెటీ, ఎప్సిలాన్ ఎరిడానీ అనే రెండు నక్షత్రాల వైపు తిప్పాడు. అప్పుడూ ఒక బలమైన సంకేతం వచ్చి గుండె ఝల్లుమనిపించింది, మనుషులదేనని తర్వాత తేలింది. రేడియో ఖగోళ శాస్త్రం కోసం 1400 నుంచి 1427 మెగాహెర్ట్జ్ వరకు ప్రసారాలనే అంతర్జాతీయ నిబంధనలు నిషేధించాయి. ఆ రక్షణ విలువ తెలియాలంటే 1977 ఆగస్టు 15న ఒహాయోలో నమోదైన ‘వావ్’ సంకేతాన్ని చూడాలి. 72 సెకన్లు వచ్చి పోయింది, మళ్లీ రాలేదు. దాన్ని నేటికీ కొట్టిపారేయలేకపోవడానికి ఒక ముఖ్య కారణం, అది ఎవరూ ప్రసారం చేయకూడని ఆ పట్టీలో రావడమే. దాన్ని పట్టిన టెలిస్కోపును మాత్రం 1998లో గోల్ఫ్ కోర్సు విస్తరణ కోసం కూల్చేశారు.

ఇంతకాలం వెతికినా ఏమీ దొరకలేదు కదా, ఇంకెందుకని అడిగేవాళ్లున్నారు. వెతికింది ఎంతో కూడా చూడాలి. దిక్కులు, పౌనఃపున్యాలు, సమయాలు, సంకేత బలాలు అన్నీ కలిపి 2018లో ముగ్గురు పరిశోధకులు ఒక అంచనా వేశారు: భూమ్మీది సముద్రాల నీటితో పోలిస్తే ఇప్పటిదాకా వెతికింది ఒక చిన్న ఈతకొలనంత. ఆ మాత్రానికే ఎవరూ లేరని తీర్పు చెప్పలేం.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 1992 అక్టోబరులో నాసా మొదలుపెట్టిన వెతుకులాటను ఏడాది తిరిగేసరికి నెవడా సెనేటర్ రిచర్డ్ బ్రయన్ ఆపించాడు. దాని ఖర్చు ఏటా దాదాపు 1.2 కోట్ల డాలర్లు, నాసా బడ్జెట్‌లో వెయ్యో వంతు కూడా కాదు. ఆ తర్వాత ఈ పని దాతల దయ మీద నడుస్తోంది. మైక్రోసాఫ్ట్ సహ వ్యవస్థాపకుడు పాల్ అలెన్ కాలిఫోర్నియాలో 42 డిష్‌ల సముదాయానికి సొమ్మిచ్చాడు. పెట్టుబడిదారు యూరీ మిల్నర్ 2015లో పదేళ్లకు 10 కోట్ల డాలర్లు ప్రకటించాడు. అయితే ఏ కోటీశ్వరుడైనా టెలిస్కోపు సమయం కొనగలడు గానీ రొదలేని ఆకాశం కొనలేడు. అది ప్రభుత్వాల చేతిలోని పని.

ప్రభుత్వాలకేమో తరంగమంటే ఆదాయం. 2010లో 3జీ వేలం మన ఖజానాకు 67 వేల కోట్లకు పైగా తెచ్చింది. 2022లో 5జీ వేలంలో లక్షన్నర కోట్ల రూపాయల పాట పలికింది. ఏ మెగాహెర్ట్జ్‌కు ఎంత ధరో మన టెలికాం శాఖకు కంఠతా వచ్చు. వేలానికి రాని పట్టీ తరఫున వాదించేవాడే ఆ గదిలో ఉండడు.

ఇప్పుడు రొద కొత్త దారి పట్టింది. టవర్ల నుంచి తప్పించుకోవడానికి టెలిస్కోపులను కొండల మధ్య కట్టారు. నెత్తిమీద తిరిగే ఉపగ్రహాలను ఏ కొండా ఆపదు. యూరప్‌లోని లోఫార్ టెలిస్కోపు స్పేస్‌ఎక్స్ కంపెనీ ఇంటర్నెట్ ఉపగ్రహాలైన స్టార్‌లింక్‌లను 68 గమనిస్తే, 47 నుంచి ఉద్దేశించని తరంగాలు కారుతున్నట్టు 2023లో తేలింది. అవి ప్రసారాలు కావు, లోపలి ఎలక్ట్రానిక్ పరికరాల లీకేజీ. మరుసటి ఏడాది చూస్తే కొత్త తరం ఉపగ్రహాల నుంచి ఆ లీకేజీ 32 రెట్ల దాకా పెరిగింది. ఉపగ్రహం ప్రసారం చేసే పౌనఃపున్యాలకు నియమాలున్నాయి, ఈ లీకేజీకి మాత్రం సరైన కట్టడి లేదు.

దీనికి ఎదురు వాదన ఉంది, బలమైనదే. పాడేరు ఏజెన్సీలో ఫోన్ మాట్లాడటానికి కొండెక్కాల్సిన గూడేలు ఇంకా ఉన్నాయి. వాళ్ల దగ్గరికెళ్లి నక్షత్రాల మాట వినడం కోసం మీరు ఆగండి అని ఎవరనగలరు? నిశ్శబ్దం ఉచితంగా రాదు, దాని ఖర్చు ఎప్పుడూ అక్కడి జనమే భరిస్తారు. ‘ఫాస్ట్’ కోసం దాదాపు 9 వేల మందిని ఖాళీ చేయించారు. పుణె దగ్గర నారాయణ్‌గావ్ ప్రాంతంలో 45 మీటర్ల డిష్‌లు 30తో మన జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు ఉంది. 2016 అక్టోబరులో అంగారకుడి మీద దిగుతున్న యూరప్ వ్యోమనౌక షియాపరెల్లీ బలహీన సంకేతాన్ని పట్టుకున్నది అదే. పుణె-నాసిక్ సెమీ హైస్పీడ్ రైలు మార్గం దాని సమీపంగా వెళ్తే పరిశోధన దెబ్బతింటుందని రైల్వే శాఖ అలైన్‌మెంట్ మార్చబూనింది. పాత మార్గమే కావాలని అక్కడి జనం పట్టుబట్టారు. నా దృష్టిలో ఆ జనం అడ్డుపుల్ల వేస్తున్నవాళ్లు కాదు. దేశం కోసం రైలు వదులుకోమన్నప్పుడు దానికి బదులేమిటో దేశం చెప్పాలి.

ఉపగ్రహాల విషయంలో ఇంత తెగని పేచీ కూడా లేదు. అమెరికా జాతీయ రేడియో ఖగోళ సంస్థ, స్పేస్‌ఎక్స్ కలిసి ఒక పద్ధతి పరీక్షించాయి. టెలిస్కోపు చూస్తున్న దిక్కుకు ఉపగ్రహం రాగానే దాని ప్రసారాన్ని పక్కకు తిప్పడమో, కాసేపు ఆపడమో చేస్తారు. ఇంటర్నెట్ పోదు, టెలిస్కోపూ చెవుడుబారదు. కానీ ఇది ఆ కంపెనీ మంచితనం మీద ఆధారపడ్డ ఏర్పాటు. రేపు పది కంపెనీలొస్తే అందరి మంచితనాన్నీ నమ్ముకోవడం కుదరదు. చంద్రుడి అవతలి వైపు వెళ్లి వినొచ్చన్న ఆశా సన్నగిల్లుతోంది. ఆ వైపు రేడియో నిశ్శబ్దాన్ని కాపాడాలని అంతర్జాతీయ నిబంధనల్లో రాసుకున్నా, అక్కడికి నౌకలు, వాటికి సమాచారం చేరవేసే ఉపగ్రహాలు వెళ్లడం మొదలైంది.

దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాల్లో కడుతున్న స్క్వేర్ కిలోమీటర్ అరే టెలిస్కోపులో భాగస్వామ్యానికి 1,250 కోట్ల రూపాయలు ఇవ్వడానికి భారత్ ఒప్పుకుంది. 2025 జూన్‌లో స్టార్‌లింక్‌కు లైసెన్సు ఇచ్చిందీ భారతే. జీఎంఆర్‌టీ, ఊటీ టెలిస్కోపుల మీదుగా వెళ్లేటప్పుడు ప్రసారం పక్కకు తిప్పాలనీ, లీకేజీకి హద్దుండాలనీ ఇక్కడ వ్యాపారం చేసే ప్రతి ఉపగ్రహ కంపెనీకీ షరతు పెట్టడం మన చేతిలోని పనే. 2027 ప్రపంచ రేడియో సమావేశంలో నిశ్శబ్ద మండలాలను ఉపగ్రహాల గుంపుల నుంచి కాపాడే అంశం చర్చకు రానుంది. అక్కడికి వెళ్లే మన బృందంలో స్పెక్ట్రం ధరలు తెలిసిన టెలికాం అధికారులే ఉంటారా, జీఎంఆర్‌టీ శాస్త్రవేత్తలు కూడా కూర్చుంటారా అన్నది ఢిల్లీ ఇప్పుడే తేల్చాలి.