చవక బండి, కాగితాల ఖర్చు
మంత్రాలయం మండలంలో మాధవరం దాటితే కర్ణాటక. అందుకే ఎమ్మిగనూరు, ఆదోని వైపు సెకండ్‌హ్యాండ్ కారు వెతికేవాళ్ల చూపు రాయచూరులోని కేఏ 36 నంబరు బండ్ల మీదికి పోతుంది. ధర తక్కువగా కనబడగానే బేరం కుదిరిందనుకోవడం తొందరపాటు. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ, ఇక్కడ లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు, ఇవన్నీ కొన్నవాడి నెత్తినే పడతాయి. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం పొరుగు రాష్ట్రం బండి 12 నెలలు మించి ఇక్కడే ఉంటే నంబరు మార్చి తీరాలి. ఇక రెండు లక్షల్లో కారు కావాలనుకునే కుటుంబం పాత డీజిల్ పెద్దబండి మోజు వదులుకోవాల్సిందే. ఇంజెక్టరో, టర్బోనో పోయిందంటే ఇంధనంలో మిగిలిందంతా ఒక్క రిపేరుకే ఊడ్చుకుపోతుంది. ఆల్టో, వ్యాగన్ఆర్ లాంటి చిన్న పెట్రోలు బండే మేలు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు 12 ఇచ్చే కారు 83 లీటర్లు తాగుతుంది. 18 ఇచ్చేదానికి 56 చాలు. కొనబోయేవారు పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. ఆయిల్ మూత విప్పి అడుగున తెల్లటి నురగ ఉందేమో చూడండి. ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు తొలగేదాకా పూర్తి డబ్బు చేతిలో పెట్టకండి.