ఆమె నోరు ఎవరు చూస్తారు?

శ్రీకాకుళం, విశాఖ తీరగ్రామాల్లో అడ్డపొగ తాగే ఆడవాళ్లు ఇవాళ్టికీ ఉన్నారు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి వచ్చిన అలవాటు ఇది. సెగ, పొగ రెండూ తిన్నగా అంగిలికి తగులుతాయి. అంగిలి తెల్లబడి మందమవుతుంది, ఎర్రటి చుక్కలు లేస్తాయి, కొందరిలో అది క్యాన్సర్‌గా మారుతుంది. పిండ్‌బోర్గ్, మెహతా బృందం ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్లను పరీక్షించి 1971లోనే ఈ సంగతి ప్రపంచానికి చెప్పింది. అర్ధశతాబ్దం గడిచిపోయింది.

ఈ మధ్యకాలంలో శాస్త్రం చాలా దూరం నడిచింది. తల, మెడ క్యాన్సర్ల విషయంలో ఇప్పుడు అందరి నోటా బయోమార్కర్ల మాటే. కణితిలో కనిపించే ఒక గుర్తును బట్టి జబ్బు ఎటు పోతుందో, ఏ మందుకు లొంగుతుందో ముందుగా అంచనా వేయడం దీని ఉద్దేశం. ఇది మంచిదే. పనికిరాని మందుతో శరీరాన్ని, అప్పుతో ఇంటిని గుల్ల చేసుకోవాలని ఎవరు కోరుకుంటారు? అయితే ఏ గుర్తు ఎవరి శరీరాల నుంచి తెలుసుకున్నదో అడగడం మన బాధ్యత.

వీటిలో బాగా స్థిరపడినది పి16 అనే ప్రోటీన్. టాన్సిల్, నాలుక మొదలు భాగాల్లో వచ్చే క్యాన్సర్‌కు హెచ్‌పీవీ వైరస్ కారణమైతే ఈ ప్రోటీన్ కణితిలో ఎక్కువగా కనిపిస్తుంది. అలాంటి రోగులు మెరుగ్గా కోలుకుంటారు. అందుకే 2018 నుంచి అమల్లోకి వచ్చిన అమెరికన్ జాయింట్ కమిటీ వర్గీకరణ వీరికి వేరే దశలు నిర్ణయించింది. పాశ్చాత్య దేశాల్లో ఈ రకం క్యాన్సర్ ఎక్కువగా మగవాళ్లది. మన దేశంలో అత్యధికం పొగాకు తెచ్చే నోటి క్యాన్సర్లు. అంగిలి మీద పుండున్న ఆమెకు ఈ వర్గీకరణ వర్తించదు.

రెండోది పీడీ-ఎల్1. ఇమ్యూనోథెరపీ మందు ఎవరికి పనిచేయవచ్చో చెప్పే గుర్తు. 2019లో అమెరికాలో పెంబ్రోలిజుమాబ్‌కు అనుమతి తెచ్చిన పరిశోధనలో ప్రతి ఐదుగురిలో నలుగురికి పైగా మగవాళ్లే. ఆ మందు ధర మన కూలి మనిషి ఊహకు అందేది కాదు. కొనలేని మందుకు సూచిక తెలిసి ఆమె ఏం చేసుకోవాలి? అయితే వేరే దారి లేకపోలేదు. ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు నివోలుమాబ్‌ను మామూలు మోతాదులో పదో వంతుకన్నా తక్కువగా, చవకైన మందులతో కలిపి ఇచ్చి చూశారు. ఏడాది తర్వాత బతికి ఉన్నవారు 16 శాతం నుంచి 43 శాతానికి పెరిగారని 2022లో ప్రకటించారు. పేదరోగిని దృష్టిలో పెట్టుకుంటే పరిశోధన అడిగే ప్రశ్నే మారుతుంది.

రిపోర్టు ఎవరి చేతికి వెళుతుందన్నది మరో ప్రశ్న. ఆసుపత్రుల్లో ఆడమనిషి జబ్బు గురించి వెంట వచ్చిన మగవాడికి చెప్పడం పరిపాటి. హెచ్‌పీవీ లైంగిక సంపర్కం వల్ల వస్తుందన్న ఒక్క ముక్క ఇంట్లో పడితే చాలు, జబ్బు పక్కకు పోయి ఆమె శీలం మీద విచారణ మొదలవుతుంది. ఆ వైరస్ సర్వసాధారణమైనది. ఎన్నో ఏళ్ల కిందట, భర్త నుంచే వచ్చి ఉండవచ్చు. ఈ మాట ముందుగా ఆమెకే, ఏకాంతంలో, ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఆమె ఒప్పుకుంటేనే ఇతరులకు చెప్పాలి.

అన్నిటికన్నా చవకైన సూచిక కంటికి కనబడేదే. కేరళలో తిరువనంతపురం జిల్లాలో శిక్షణ పొందిన కార్యకర్తలు ఊళ్లలో నోళ్లు పరీక్షించారు. పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో తేలింది. ముప్ఫై ఏళ్లు దాటినవారికి నోటి పరీక్ష చేయాలని 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలూ ఇచ్చింది. మన ఊళ్లో ఆ పరీక్ష జరుగుతోందా? టార్చిలైటు వేసి అంగిలి దాకా చూస్తున్నారా, లేక రిజిస్టర్లో టిక్కు పెట్టి సరిపెడుతున్నారా? సంఘాల సమావేశాల్లో ఈ ప్రశ్న వేద్దాం. పరిశోధనల్లో స్త్రీలను, అందులోనూ అడ్డపొగ తాగే స్త్రీలను చేర్చమని అడుగుదాం. వాళ్ల అలవాటును ఎగతాళి చేయకుండా మాన్పించే సాయం అడుగుదాం.

పుట్టిన దగ్గర్నుంచి ఆడదాన్ని నోరు మూసుకోమనే ఈ సమాజం ఆమెను నోరు తెరవమనేది ఒక్క వైద్యపరీక్షలోనే. అదీ ఆలస్యంగానే. ఆ ఆలస్యం ఖరీదు ఆమె ప్రాణం.