కోత ఆగలేదు, మందెందుకు ఆగాలి?



రక్తపోటుకు, గుండెనొప్పికి అటెనొలాల్ మాత్ర వేసుకునేవారు మనలో ఎందరో ఉన్నారు. గుండె వేగాన్ని తగ్గించి దాని భారాన్ని దించే మందు ఇది. ఒక్కసారిగా మానేస్తే ఛాతీనొప్పి తిరగబెట్టవచ్చు, గుండెపోటే రావచ్చు. అటువంటి మందుకు డిస్పెన్సరీ కిటికీ దగ్గర "స్టాకు లేదు, వచ్చే వారం రండి" అంటున్నారు! అందాకా గుండె ఆగుతుందా?

ఇది ఎవరి దానమూ కాదు, 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టం ఇచ్చిన హక్కు. నూరు రూపాయల జీతానికి మన వాటా 75 పైసలు, యజమాని వాటా 3 రూపాయల 25 పైసలు. ఆ కోత ఒక్క నెలైనా ఆగిందా?

నెలకు సరిపడా మాత్రలు ఒకేసారి ఇవ్వాలి! లేకుంటే బయట కొన్న బిల్లు చెల్లించాలి!

డాక్టరు చెప్పనిదే మాత్ర మానకండి. "మందు లేదు" అని చీటీ మీద రాయించి యూనియన్ ఆఫీసులో ఇవ్వండి.